లోతు చెప్పిన లోఫెంబా

మా అన్న లోఫెంబా ముప్పై ఎనిమిదేళ్లు స్టీమరు ముందు కొన మీద నిలబడి బతికాడు. చేతిలో ఎరుపు తెలుపు చారల గడ. దాన్ని నీళ్లలో గుచ్చడం, పైకి లాగడం, లోతెంతో కేక వేయడం, అదీ ఉద్యోగం. ఆ కేక విని పైన గాజు గదిలో తెల్ల కెప్టెను చక్రం తిప్పేవాడు. మా కాంగో నది వెడల్పు చూసి మోసపోకూడదు. వరద తీసిన ప్రతిసారీ ఇసుక మేటలు చోటు మారతాయి. నిరుడు బోటు పోయిన పాయలో ఈ ఏడు కొంగలు నిలబడి ఉంటాయి. కెప్టెన్లు మూడేళ్లకొకడు మారాడు. మా అన్న మారలేదు. అయినా బోటు నడిపింది కెప్టెనే అని రాసుకున్నారు. రాసుకోనీ, రాసే పని వాళ్లదే కదా.

గడ ఒక్కటే చాలదు. బోటు కనబడగానే ఒడ్డున ఉన్న ప్రతి ఊరూ కేక వేయాలి. మా లొకెలే జనానికి అది మర్యాద. మేట ఎటు జరిగిందో వల వేసేవాడికి తెలుసు, కర్రపెండలం నానబెట్టే ఆడదానికి తెలుసు. "లంక పై మూతిలో ఇసుక పెరిగింది, అడవి వైపు పట్టండి!" అని అరుస్తాం. నేనూ చంకలో పిల్లనేసుకుని అరిచాను. బోటు ఇసుకెక్కితే దిగి నెట్టేది మా మగవాళ్లే కాబట్టి గట్టిగానే అరిచాను.

అన్న పని మానేసి ఊళ్లో వలలు బాగు చేసుకుంటున్న రోజుల్లో నా కూతురి కూతురు బొలుంబు పట్నంలో పెద్ద చదువు చదువుతోంది. అప్పటికి నది పేరు జైర్ అని మార్చారు. నది వినిపించుకోలేదు. ఆ పిల్ల చివరి ఏడు ఒక నవల మీద పరిశోధన రాయాలి. రాసి, అందరి ముందు నిలబడి పెద్దలు అడిగినవాటికి జవాబు చెబితేనే డిగ్రీ. సెలవులకు వచ్చినప్పుడు వంటపాకలో కూర్చుని ఆ నవల మా మాటల్లో చెప్పడం మొదలుపెట్టింది.

"ఒక తెల్లాయన ఇంకో తెల్లాయన్ని వెతుక్కుంటూ స్టీమరులో ఏరు ఎక్కుతాడు తాతా."

"ఏం, తప్పిపోయాడా?"

"తప్పిపోలేదు. పైన ఎక్కడో కొట్టు పెట్టుకుని మనసు పాడైపోయిందంట."

"మనసు పాడైనవాడి కోసం అంత దూరం దేనికే? ఆ బోటులోనే నలుగురుంటారు," అన్నాడు అన్న. "సరే, లోతు చెప్పినవాడెవడు?"

అది పేజీలు తిప్పింది. "ఒకడున్నాడు. పేరు లేదు."

"ఒడ్డున మనవాళ్లు?"

"ఉన్నారు తాతా. అరుస్తారు."

"ఏమని?"

"ఏమనీ లేదు. ఊరికే అరుస్తారంట. అర్థం లేని అరుపులంట."

అన్న చేతిలో వల కింద పెట్టాడు. నేను పొయ్యిలో పుల్ల వేసి, "రాసినవాడికి చెవుడేమో," అన్నాను. అన్న నవ్వలేదు. ఆ రోజు మాకెవరికీ ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాడు.

తెల్లవాళ్లు మా చేత అడవి రబ్బరు బలవంతంగా తీయించిన కాలంలో మా నాన్న కూడా స్టీమరు మీద గడ మనిషే. ఒకసారి, బుట్ట నిండా రబ్బరు తేనివాళ్ల చేతులు నరికే సిపాయిలు ఆ బోటులో ఉన్నారు. మా ఊరు దగ్గర పడింది. ఒడ్డు మీద ఆడవాళ్లు కేక వేశారు, "ఎడమ పాయ లోతు, ఎడమ పాయ పట్టండి!" అని. ఎడమ పాయలో మోకాలి లోతు లేదు. మా నాన్నకు తెలుసు. గడ గుచ్చాడు, ఇసుక తగిలింది. తల ఎత్తి, లోతు చాలా ఉందన్నట్టు, "అడుగు అందట్లేదు!" అన్నాడు. బోటు వెళ్లి మేట ఎక్కింది. పదకొండు రోజులు కదల్లేదు. ఆ పదకొండు రోజుల్లో ఊరు ఊరంతా అడవిలోకి వెళ్లిపోయింది. నాన్నకు నీటిగుర్రం తోలు కొరడాతో యాభై దెబ్బలు. తర్వాత ఆయన వెల్లకిలా పడుకోగా మేమెవరం చూడలేదు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

"అర్థం లేని అరుపులా?" అన్నాడు అన్న. "రాయవే, ఇది రాయి."

బొలుంబు రాసింది. మూడో అధ్యాయం మొత్తం అదే. నవలలో ఒడ్డున అరిచేవాళ్లు ఏమని అరిచి ఉంటారు, వాళ్ల మాట కథలోకి ఎందుకు రాలేదు అని.

దాని ప్రొఫెసరు వెర్‌లాండ్ అని ఒక తెల్లాయన. చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. దగ్గరుండి చదివించాడు. మూడో అధ్యాయం చూసి మాత్రం తల అడ్డంగా ఊపాడట. ఆ నవల దోచుకున్నవాళ్లను తిడుతూనే రాశారు, అది మరచిపోకు అన్నాడట. అందులో మంచూ, మసకా, తెలియని అరుపులూ కథ చెప్పేవాడి బుర్రలోవి, కొత్త రకం రచన అంటే అదే, మీ తాతగారి సాక్ష్యం దానికి పనికిరాదు, ఈ అధ్యాయం తీసేయ్ అన్నాడట.

అన్నకు ఈ మాట చేరగానే ముక్కు పొడి పీల్చి తుమ్మాడు.

"మంచు పడితే మేము బోటు కట్టేసి కూర్చునేవాళ్లం. మంచులో నడిపేవాడు నలుగుర్ని ముంచుతాడు. వాడి బుర్రలో మంచుంటే వాడు కట్టేసుకోవాలి గానీ, మన నోటికి కడతాడా?"

"తీసేయకపోతే డిగ్రీ ఇవ్వరేమో తాతా," అంది పిల్ల.

"నీ ఇష్టం," అన్నాడు. "దెబ్బలు తిన్నది మా నాన్న. నిన్ను తినమనలేను."

చూశారా, అంతకంటే పెద్ద బలవంతం ఉంటుందా.

పరీక్ష రోజు మేము పద్నాలుగు మందిమి పడవలో పట్నం వెళ్లాం. మా వైపు అంతే, ఒక పిల్ల పరీక్షకు నిలబడితే కుటుంబమంతా కొత్త గుడ్డలు కట్టుకుని వెనక బల్లల మీద కూర్చోవాలి. నోరు మాత్రం ఎత్తకూడదు. తలుపు దగ్గర గుమాస్తా మరీ మరీ చెప్పాడు. పెద్దలు ముగ్గురు. మధ్యలో వెర్‌లాండ్, అటూ ఇటూ మా దేశం వాళ్లు.

మొదట పిల్ల బాగానే చెప్పింది. మూడో అధ్యాయం వచ్చేసరికి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇది సాహిత్యమా, మీ ఇంటి కబుర్లా? దీన్ని చివర చిన్న అక్షరాల్లో ఒక మాటగా పెట్టుకుంటే సరిపోతుంది కదా?"

పిల్ల నేల చూసింది. "అవునండి, అలా కూడా..." అంది.

వెనక నుంచి ఒక్క కేక. "ఇసుక!"

హాలు ఉలిక్కిపడింది. నేను అన్న మోచెయ్యి పట్టుకు లాగాను. "కూర్చో ముసలోడా, బయటకు గెంటుతారు!" వింటేనా. నిలబడ్డాడు, చెయ్యి ముందుకు చాపి, అందులో గడ ఉన్నట్టే.

పిల్ల తల ఎత్తింది. "చిన్న అక్షరాల్లో పెట్టలేనండి," అంది మెల్లగా.

"రెండు మూరలు!" అన్నాడు అన్న.

"ఎందుకంటే అరిచినవాళ్లకు భాష ఉంది. కథ చెప్పేవాడికి అది రాదు. రాకపోవడం అతని సంగతి. దాన్ని మా మీద రాశాడు."

"బార లోతు!"

"ఆ ముసలాయన అరుపులు ఆపండి ముందు!" అని వెర్‌లాండ్ బల్ల మీద కొట్టాడు. గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు గానీ మావాళ్లు బల్లల మధ్య దారివ్వలేదు.

బొలుంబు ఇప్పుడు నేల చూడలేదు. "అవి అరుపులు కావు సార్. మా తాత లోతు చెబుతున్నాడు. ఎక్కడ ఆగాలో, ఎటు పోవాలో చెబుతున్నాడు. ఇక్కడ పద్నాలుగు మందికి అర్థమైంది. మీకొక్కరికే అరుపులా వినబడింది. నా మూడో అధ్యాయం ఇదే."

"అడుగు అందట్లేదు!" అని అన్న గొంతు చించుకున్నాడు. లోతు నీళ్లు, పోనీ అని అర్థం. పెద్దల్లో ఎడమ వైపు కూర్చున్నాయన మా మనిషే, ఇసాంగి వైపు పుట్టినవాడు, నోటికి కాగితం అడ్డం పెట్టుకున్నాడు. నవ్వో ఏడుపో నేను చూడలేదు. పిల్ల ఆగకుండా ముందుకు పోయింది. మా నాన్న గురించీ, యాభై దెబ్బల గురించీ, ఆడవాళ్లు కావాలని తప్పు దారి చూపడం గురించీ ఒక్క మాట వదలకుండా చెప్పి కూర్చుంది.

పెద్దలు ముగ్గురూ లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. పిల్ల గెలిచిందని వాళ్లు బయటకొచ్చి చెప్పాక మేము దాని తల మీద పౌడరు డబ్బా కుమ్మరిస్తాం, అదీ పద్ధతి. ఓడితే డబ్బా మూత తీయకుండా ఇంటికి పట్టుకుపోతాం. అన్న నా సంచీలో చెయ్యి పెట్టి డబ్బా లాగాడు.

"ఏయ్, ఇంకా చెప్పలేదు!" అన్నాను.

"మనకు తెలీదా? వాళ్లు చెప్పాలా?"

నిజమే అనిపించింది. రెండో డబ్బా నేనే మూత తీశాను. తల, ముఖం, భుజాలు, కొత్త గౌను, అంతా తెల్లగా అయిపోయింది. కోడళ్లు పాట ఎత్తుకున్నారు. వాళ్లు తలుపు తీసేసరికి పిల్ల ఆ పౌడరులో దగ్గుతూ నవ్వుతోంది.

వెర్‌లాండ్ చేతిలో కాగితం విప్పాడు. తర్వాత చదివాడు. మూడో అధ్యాయం తీసేస్తానని సంతకం పెడితే డిగ్రీ ఈ రోజే. లేకపోతే ఈ ఏటికి లేదు. ముగ్గురిలో ఇద్దరి మాట అది అన్నాడు. ఇసాంగి ఆయన మాత్రం కాదన్నాడని దానర్థం.

బొలుంబు పెదాల మీది పౌడరు తుడుచుకుంది. "తీయను సార్," అంది.

పాట ఆగలేదు. ముందు నేనే ఆపుదామనుకున్నాను, కోడళ్లు ఇంకా పెంచారు. వండి తెచ్చిన పొగచేపలూ, కర్రపెండలం ఆకుకూరా, ఆకుల్లో చుట్టిన చిక్వాంగ్ అనే పిండి ముద్దలూ అక్కడే మెట్ల మీద విప్పాం. ఇసాంగి ఆయన వచ్చి మాతో తిన్నాడు. వెర్‌లాండ్ దూరంగా నిలబడ్డాడు. అన్న ఆయనకూ ఒక ముద్ద పంపాడు. తీసుకున్నాడు, తిన్నాడో లేదో తెలియదు.

డిగ్రీ ఆ ఏడూ రాలేదు, పై ఏడూ రాలేదు. బొలుంబు మా ఊరి బడిలో పాఠాలు చెబుతూ, సాయంత్రాలు అన్న పక్కన కూర్చుని నాలుగో అధ్యాయం మొదలుపెట్టింది. దిగువ నుంచి జలపాతాల దాకా ఏ ఊరు ఏ కేక వేస్తుంది, ఎవరు వేసేవారు, పేర్లతో సహా. నలభై ఒక్క ఊళ్లు రాశాక వానల నెలలో మా అన్న పోయాడు. ఇంకా ఇరవై ఊళ్లున్నాయి. అవి నాకూ తెలుసు. రోజుకొక ఊరు చెబుతున్నాను, అది రాస్తోంది.