పదహారో కడ్డీ

ఎదురుగా కడుతున్న భవనం నుంచి తడి సిమెంటు వాసన నల్లగండ్లలోని మా బాల్కనీలోకి వచ్చినప్పుడల్లా నా చెయ్యి కళ్ళజోడు మీదికి వెళుతుంది. తీసి, కొంగుతో రెండు అద్దాలూ తుడిచి, మళ్ళీ పెట్టుకుంటాను. అది యాదగిరి గారు నేర్పిన అలవాటు. హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో ఆయన ఒక నిర్మాణంలో సూపర్‌వైజరు, నేను ఆయన కింద రికార్డు రాసేదాన్ని. అప్పుడు నాకు నలభై నాలుగేళ్ళు, కళ్ళజోడు పవరు మైనస్ తొమ్మిది. పిల్లరుకు కాంక్రీటు పోసేముందు లోపలి ఇనుప కడ్డీలు లెక్కపెట్టి, రీలు కెమెరాతో ఫొటో తీసి, రిజిస్టరులో ఎక్కించాలి. పోశాక అవి ఇక ఎవరికీ కనబడవు.

కెమెరాను కంటికి ఆనిస్తే నా ఊపిరికి అద్దాలు మసకబారేవి. "అద్దాలు తుడిసి ఊపిరి బిగవట్టమ్మా," అనేవారు, దారంతో కట్టుకున్న తన జోడు సర్దుకుంటూ. "నీకు నాలుగు కండ్లు, నాకు నాలుగు, కెమెరాకొకటి. తొమ్మిదిట్ల ఒక్కటన్న సక్కగ సూడాలె గద!"

ఒక వానాకాలం మధ్యాహ్నం ఎంత తుడిచినా కడ్డీలు విడివిడిగా కనబడలేదు. చూపు తగ్గి అప్పటికి నాలుగు నెలలు. ఇంట్లో సంపాదన నాదొక్కటే కాబట్టి ఎవరికీ చెప్పలేదు. అంచనాతో ఫొటో తీసి, డ్రాయింగులో ఉన్నట్టే 'పదహారు' అని రాశాను. కాంక్రీటు నిలవడానికి మేస్త్రీ పిల్లరుకు నాలుగోవైపు చెక్క కూడా బిగించాడు. కాంక్రీటు బండి వచ్చి నిలబడింది.

యాదగిరి గారు రిజిస్టరు చూసి, "లెక్కవెట్టినవా?" అన్నారు.

"ఫొటో తీశానండీ."

"ఫొటో సంగతి అడుగుతలేనమ్మా."

"కనబడలేదండీ. డ్రాయింగు చూసి రాశాను."

"మేడంకు కనవడకపోతె పని ఆపుతరా సారూ?" అన్నాడు మేస్త్రీ.

"ఆపుత. నువ్వు జర చాయ్ తాగిరా పో."

చెక్క విప్పించి, ఒక్కో కడ్డీ మీద వేలు పెట్టి, నాకు వినబడేలా లెక్కపెట్టారు. పదహారే ఉన్నాయి. నేను గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. ఆయన నవ్వలేదు.

"నువ్వు రాసింది నిజమే. గాని నువ్వు సూసింది గాదు. కనవడలే అంటె కొలువు పోదమ్మా, సూడకుండ రాస్తె పోతది. రేపు కండ్ల దవాఖానకు పో."

నా చేతే ఆ అంకె కొట్టివేయించారు. దగ్గరికి పిలిచి నన్ను కూడా తాకి లెక్కపెట్టమన్నారు. చివరి కడ్డీ మీద తన వేలు ఉంచి, మళ్ళీ ఫొటో తీయమన్నారు. గంటన్నర ఆలస్యానికి పైవాళ్ళు తిడితే ఆయనే పడ్డారు, నా పేరు చెప్పలేదు.

నిరుడు ఆయన పోయారు. చందానగర్‌లో వాళ్ళింటికి వెళితే కూతురు అడిగింది: "మా నాయిన ఫొటో మీ దగ్గరేమన్న ఉన్నదా ఆంటీ?"

ఉన్నది ఒక్కటే, ఆ రోజు తీసినదానికి నేను దాచుకున్న ప్రింటు. అందులో ఆయన ముఖం లేదు. ఇనుప కడ్డీ మీద సిమెంటు అంటిన వేలు మాత్రమే ఉంది. వంకర తిరిగిన ఆ గోరును గుర్తుపట్టి ఆ పిల్ల దానిమీద వేలు పెట్టి చూసింది. తనకొక కాపీ తీయించి ఇచ్చి, అసలుది నేనే ఉంచుకున్నాను. దాని వెనక, ప్రింటు వచ్చిన రోజు రాసిన నా దస్తూరీ ఉంది: పదహారు. చూశాను.