థేగ్యు నూరిన కొడవలి

సెక్యూరిటీ వరసలో నిలబడగానే ఇన్‌హ్వా గడియారం, బెల్టు, మెడలోని గొలుసు తీసి ట్రేలో పెట్టేసింది. చెప్పులు కూడా విప్పబోతుంటే అక్కడున్న అమ్మాయి “అక్కర్లేదండీ, ఉంచుకోండి” అంది. అడగకముందే విప్పేయడం ఆమెకి అలవాటైపోయింది. జపాన్‌లోని ఒసాకా నుంచి దక్షిణ కొరియాలోని జేజూ ద్వీపానికి ఏటా వెళ్ళివచ్చే మనిషి. చెప్పించుకుని విప్పితే ఇంకేదో దాస్తున్నామనుకుంటారని ఆమె నమ్మకం. డెబ్భై దాటిన ఆడదాని దగ్గర దాచడానికి ఏముంటుంది, మోకాళ్ళ నొప్పులు తప్ప!

ఈసారి ఆమె చేతిలోని నీలం సంచిలో భర్త ఉన్నాడు. వేసవి మొదట్లో పోయిన థేగ్యు అస్థికలు పింగాణీ కుండలో, కుండ చెక్కపెట్టెలో, పెట్టె తెల్లబట్టలో. సంచిని మిషను మీద పెడుతూ దహనం చేసినట్టు ఇచ్చిన కాగితం ముందే చేత్తో పట్టుకుంది. ఆ అమ్మాయి కాగితం చూసి, పెట్టె వైపు నడుం వంచి నమస్కరించింది. ఇన్‌హ్వాకి ఏం చేయాలో తోచక తనూ వంగింది.

“అమ్మా, పెట్టె సరే. దాని పక్కన ఈ వంకర వస్తువు ఏంటి?” అన్నాడు తెర ముందు కూర్చున్నతను.

“కొడవలి బాబూ.”

వరస మొత్తం ఇటు తిరిగింది.

“కొడవలా? విమానంలోకా?”

“గడ్డి కోయడానికి.”

“విమానంలో గడ్డి ఉండదు కదమ్మా!”

ఎవరో నవ్వారు. ఇన్‌హ్వాకి చెవులు వేడెక్కాయి. ఆమెకి తెలియక కాదు. ఏటా కొడవలిని పెద్దపెట్టెలో పెట్టి కౌంటర్లో ఇచ్చేది. ఈసారి కూతురు మిరాన్ “నీ నడుముకి పెద్దపెట్టెలొద్దమ్మా, చేతిసంచి చాలు” అని టికెట్ అలాగే తీసింది. తెల్లవారుజామున బయల్దేరేముందు ఇన్‌హ్వా తెల్లబట్ట ముడి విప్పి కొడవలిని ఆయన పక్కన పెట్టి మళ్ళీ ముడివేసింది. ఆయన సామాను ఆయన పక్కన పెడుతున్నాననే అనుకుంది గాని, ఆయనా మిషను మీదే వెళ్తాడన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. మొగుణ్ణి సామాను కింద లెక్కేసే అలవాటు ఇంకా కాలేదు మరి.

జేజూవాళ్ళు ఎనిమిదో చాంద్రమాసం మొదటిరోజున వంశమంతా కలిసి పెద్దల సమాధుల మీద గడ్డి కోస్తారు. ఇంట్లో తద్దినం మానేస్తే ఎవరికీ తెలియదు, సమాధి మీద గడ్డి కోయకపోతే ఊరందరికీ కనబడుతుంది అని అక్కడి సామెత. థేగ్యు తల్లి సమాధి అక్కడే ఉంది. ద్వీపమంతా కాల్పులతో అట్టుడికిన ఏడు ఆ తల్లి ఎనిమిదేళ్ళ కొడుకుని మేనమామతో చేపలపడవ ఎక్కించి ఒసాకా పంపేసింది. ఆ తర్వాత తల్లీకొడుకులు ఒకర్నొకరు చూసుకోలేదు.

ఎందుకు చూసుకోలేదంటే ఒక్క మాట కోసం. ఒసాకాలోని కొరియావాళ్ళకి జపాన్ ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డులన్నిటి మీదా మొదట్లో ‘చోసన్’ అనే ఉండేది, దేశం ఒకటిగా ఉన్నప్పటి పేరు. దేశం రెండు ముక్కలయ్యాక చాలామంది దక్షిణపు పేరుకి మారి పాస్‌పోర్టులు తెచ్చుకున్నారు. థేగ్యు మారలేదు. “నేను పుట్టినప్పుడు ఒకటే ఉంది. ఇప్పుడు ఏ ముక్కని రాయమంటావ్?” అనేవాడు. మొండిఘటం. ఆ మాట కార్డు మీద ఉన్నవాణ్ణి దక్షిణం వాళ్ళు అనుమానంగా చూసేవాళ్ళు. అమ్మ సమాధికి వెళ్తానని ఏటా అర్జీ పెట్టేవాడు. ఏ సంఘంలో ఉన్నావు? ఉత్తరాన ఎవరున్నారు? ఎందుకు వెళ్తావు? అడిగినవే అడిగి, చివరికి “విచారణలో ఉంది” అనేవాళ్ళు. ఆ విచారణ తెమిలేలోగా ఆయన జుట్టు తెల్లబడింది. ఒక ఏడు అనుమతి వచ్చింది కూడా. పెట్టె సర్దుకున్నాక అక్కడ ప్రభుత్వం మారి అనుమతి రద్దయింది. సర్దిన బట్టలు ఇన్‌హ్వానే మళ్ళీ బీరువాలో పెట్టింది.

చివరికి అత్తగారి సమాధి అడవైపోతోందని బంధువులు ఉత్తరం రాస్తే, ఇన్‌హ్వా తన కార్డు మార్పించుకుని పాస్‌పోర్టు తెచ్చుకుంది. థేగ్యు ఆ ఎండాకాలమంతా ఆమెతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు, అంతే. ప్రయాణం ముందురోజు పొద్దున్న మాత్రం ఆమె పెట్టె మీద కొత్తగా నూరిన కొడవలి కనబడింది. చెప్పుల కార్ఖానాలో అట్టలు కోసే పని ఆయనది. కత్తికి పదును పెట్టడంలో ఆయనది తిరిగిన చెయ్యి. “మిరాన్ వాళ్ళమ్మా, చెయ్యి జాగ్రత్త” అన్నాడు. అన్నాళ్ళ అలక ఆ ఒక్క మాటతో తీరింది.

అప్పట్నుంచి ఏటా ఆయన నూరేవాడు, ఆమె కోసి వచ్చేది. జేజూలో దిగగానే ఆమెను పక్కగదిలో కూర్చోబెట్టి ఆయన గురించి అవే ప్రశ్నలు వేసేవాళ్ళు. “మీ ఆయన రాలేదేం?” అని ఒకడు అడిగితే “మీరు రానిస్తే కదా నాయనా!” అంది ఒకసారి. ఆ మాటకి మరో గంట కూర్చోబెట్టారు. ఆ తర్వాత నోరు కట్టేసుకుంది.

ఈ ఏడు వసంతంలోనే, మంచం మీదే కూర్చుని ఆయన కొడవలి నూరాడు. “ఇంకా చాలా రోజులుంది కదండీ” అంటే “ఈసారి ముందే చేసిపెడుతున్నా” అన్నాడు. ఆ పదును ఆయన చేత్తో పెట్టిన ఆఖరి పదును. రేపు పొద్దున్నే వంశమంతా వస్తారు, గడ్డి కోసి, ఆయన్ని తల్లి కాళ్ళ దగ్గర పూడుస్తారు. ఆ గడ్డి ఆ పదునుతోనే తెగాలి. ఇన్‌హ్వా కోరిక అంతే.

“ఇక్కడ వదిలేయండమ్మా. లేదంటే బయటికెళ్ళి కౌంటర్లో సామానుగా ఇచ్చి మళ్ళీ రండి. కానీ కౌంటర్ మూసేస్తారేమో. విమానం పోతే ఇక రేపే” అంది ఆ అమ్మాయి జాలిగా.

విమానం పోతే రేపటి పనే పోతుంది. కొడవలి వదిలితే ఆయన ఆఖరి చేతిపని పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇన్‌హ్వా పెట్టెని బయటికి తీసి చంకనెత్తుకుని, కొడవలి ఒక్కటే మిగిలిన సంచి పుచ్చుకుని వెనక్కి నడిచింది.

కౌంటర్లో అబ్బాయి బోర్డు తిప్పేస్తున్నాడు.

“బాబూ, ఒక్క సంచి.”

“మూసేశామండీ. ఏముంది అందులో?”

“కొడవలి.”

“మరి ఆ పెట్టె?”

“మా ఆయన.”

ఆ అబ్బాయి బోర్డు మళ్ళీ ఇటు తిప్పి చీటీ అంటించాడు.

మళ్ళీ అదే వరస. మళ్ళీ గడియారం, బెల్టు, గొలుసు. కాళ్ళు పీకేస్తున్నాయి, పొద్దున్న తాగిన బార్లీ నీళ్ళు తప్ప కడుపులో ఏమీ లేదు. వెనక నిలబడ్డ కోటు వేసుకున్నాయన “ఇందాక వెళ్ళిందిగా ఈవిడ!” అని గొణిగాడు.

“నాకేమైనా సరదానా బాబూ?” అంది తిరక్కుండానే. తర్వాత పెట్టెతో అంది, గొంతు తగ్గించి: “చూశారా? ఏటా ఇదే నా బతుకు. మీరేమో ఇంట్లో కూర్చుని కొడవలి నూరేవారు.”

బతికుండగా ఒక్కసారైనా ఈ మిషను దాకా రాలేకపోయినవాడు ఈరోజు దాన్ని రెండుసార్లు దాటాడు.

విమానం తలుపు వేసేముందు ఎక్కింది. పెట్టెని ఒళ్ళో పెట్టుకుంది. కిటికీలోంచి ద్వీపం కనబడినప్పుడు పెట్టెని అటు తిప్పి పట్టుకుంది.

జేజూలో పాస్‌పోర్టు చూసినవాడు ఏమీ అడక్కుండా ముద్రవేశాడు. సామాను దగ్గర మాత్రం నీలం సంచి కుయ్యోమొర్రో అని అరుస్తూ వచ్చింది. అనుమానం ఉన్నవాటికి ఇక్కడ అరిచే తాళం వేస్తారు. జనమంతా చూస్తుండగా ఆ అరుపుతోనే కస్టమ్స్ బల్ల దాకా నడిచింది. అక్కడి ఆయన నడివయసువాడు, మాట తీరు చూస్తే ద్వీపంవాడే. తాళం తీసి, కొడవలి చూసి నవ్వాడు.

“గడ్డి కోతకా మామ్మా? ఈ వారమంతా కొడవళ్ళే. మావాళ్ళు గడ్డి కోసే మిషన్లు కొన్నారు, నేనొక్కణ్ణే ఇంకా చేత్తో.” బొటనవేలితో అంచు తాకి “అబ్బో! ఎవరు నూరారు?” అన్నాడు.

“ఈయనే.” పెట్టెని బల్ల మీద పెట్టింది. కాగితం తీసింది. అతను నవ్వు ఆపి, కాగితం చదివి, మడిచి తిరిగిచ్చాడు.

“సరే మామ్మా, వెళ్ళండి.”

ఇన్‌హ్వా కదల్లేదు.

“అంతేనా?”

“అంతే.”

“ఈయన గురించి ఏమీ అడగవా?”

“ఏం అడగాలి?”

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు. ఇన్నేళ్ళూ గుచ్చి గుచ్చి అడిగి, ఇప్పుడు అడగాల్సింది ఏమీ లేదట! చచ్చినవాడికి దారి ఇంత వెడల్పా?

“ఏ సంఘంలోనూ లేడు” అంది. “ఉత్తరాన ఎవరూ లేరు. అసలు ఎక్కడా ఎవరూ లేరు, నేనూ పిల్లా తప్ప. చెప్పుల అట్టలు కోసేవాడు. ఎందుకొచ్చాడంటే, వాళ్ళమ్మ సమాధి మీద గడ్డి కోయడానికి. వేరే పనేమీ లేదు. ఎప్పుడూ లేదు. రాసుకో బాబూ.”

వెనక వరస ఆగిపోయింది. కస్టమ్స్ ఆయన ఆమెనీ, పెట్టెనీ చూశాడు. అతని చేతిలో కలం లేదు, బల్ల మీద కాగితం లేదు.

“రాసుకున్నాను మామ్మా” అన్నాడు.

అప్పుడుగాని ఇన్‌హ్వా పెట్టెని ఎత్తుకోలేదు.