బావ చేతికి చుట్టిన దూది

నర్సు కత్తెర కోసం వెతకలేదు. బావ కుడి మణికట్టుకు మందంగా చుట్టి ఉన్న దూదిని వేళ్లతోనే చీల్చి తీసేసింది. దాని కింద చర్మం సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. సూది దిగిన చోటు నుంచి బొటనవేలి మొదలు దాకా ఉబ్బి, నున్నగా మెరుస్తోంది. ఆమె తన వేళ్ల వెనక భాగాన్ని ఆ ఉబ్బు మీద ఆనించి, "మంచు మాదిరి ఉండాది" అని తనలో తాను చెప్పుకున్నట్టు అంది. తర్వాత తలుపు వైపు తిరిగి డాక్టరును పిలిచింది.

మంచానికి అవతలి పక్క మా అక్క నిలబడి ఉంది. ఆమె పిడికిట్లో మిగిలిన దూది ఇంకా అలాగే ఉంది.

తెర మీద బీపీ అంకె అప్పటికి కొంతసేపటి నుంచి దిగుతోంది. డాక్టరు చెబితే నర్సు పంపులో మందు వేగం పెంచింది. అంకె లేవలేదు. మళ్లీ పెంచింది. ఇంకా దిగింది. మందు పోతూనే ఉంది, మనిషిలో మాత్రం పని చేయడం లేదు. అది ఎక్కడికి పోతోందన్న అనుమానంతోనే ఆమె పంపు దగ్గర మొదలుపెట్టి, గొట్టాన్ని వేళ్లతో తడుముకుంటూ బావ చెయ్యి దాకా వచ్చింది.

అది ఎమ్మిగనూరులో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రి. మేము ఆదోని వాళ్లం. బావ పత్తి వ్యాపారి. చలిజ్వరం, మూత్రంలో మంట ఉన్నా ఎవరికీ చెప్పకుండా, ఎమ్మిగనూరు దగ్గర పత్తి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లులో సరుకు చూడాలని బయల్దేరి వచ్చాడు. పత్తి కుప్ప పక్కనే కూలబడ్డాడు. మిల్లు వాళ్లు ఆటోలో వేసుకుని ఈ ఆస్పత్రికి తెచ్చి మాకు ఫోన్ చేశారు. అక్కా నేనూ కారులో వచ్చేసరికి ఆయన మగతలో ఉన్నాడు. పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడు, మళ్లీ మూస్తున్నాడు. ఒకసారి, పేపరు విలేకరినైన నన్ను గుర్తుపట్టి, "ఏమప్పా, నేను సచ్చినానని పేపర్లో ఏసేకి వచ్చినావా?" అన్నాడు. ఆ రోజు ఆయన తెలివితో అన్న మాట అదొక్కటే.

బావ కుడిచెయ్యి గురించి కొంచెం చెప్పాలి. ఆదోని మార్కెట్ యార్డులో ఇప్పుడు పత్తి నాణ్యతను యంత్రాలతో కొలిచే వాళ్లున్నారు. అయినా కుప్ప ముందు నిలబడి బేరం ఆడేటప్పుడు యంత్రం ఉండదు. బావ చారెడు పత్తి తీసుకుని, గింజ వదిలించి, పింజను రెండు చేతుల బొటనవేళ్ల మధ్య లాగి, మళ్లీ ఒకదాని మీద ఒకటి పేర్చి లాగుతాడు. చివరకు మిగిలిన కుచ్చును కుడి బొటనవేలితో చూపుడువేలి మీద రుద్దుతాడు. ఆ రుద్దడంలోనే పింజ పొడవు, తేమ, గట్టితనం ఆయనకు తెలిసిపోతాయి. ఆలూరు నుంచి వచ్చే రైతులు ఆయన ముఖం వంక చూడరు, ఆ వేలి వంక చూస్తారు. నా వార్తల్ని వెక్కిరించడానికి ఆయన వాడేది కూడా ఆ వేలినే. అది అబద్ధం చెప్పదని, నా పేపరు సంగతి తనకు తెలియదని అంటుంటాడు.

మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి ఎక్కిందని డాక్టరు వరండాలో నాకు చెప్పాడు. చిన్న వయసువాడు, తొందరపడకుండా మాట్లాడతాడు. ఇన్‌ఫెక్షన్ వల్ల ఒంట్లోని రక్తనాళాలన్నీ వదులైపోయాయట. వదులైన గొట్టాల్లో నీటికి ఒత్తిడి ఉండనట్టే, రక్తానికి ఒత్తిడి లేక మెదడుకీ మూత్రపిండాలకీ చాలినంత అందడం లేదట. సెలైన్ పెట్టినా బీపీ నిలవలేదు. అందుకే బీపీ పెంచే నార్‌అడ్రినలిన్ మందు మొదలుపెట్టారు. ఈ బీపీతో కర్నూలు దాకా రోడ్డు మీద పంపలేనని, ముందు నిలబెట్టి తర్వాత పంపుతానని ఆయన అన్నాడు.

భయం వేసినప్పుడు మన చేతులు చల్లబడతాయి, గుండె దడదడలాడుతుంది. అప్పుడు ఒంట్లో ఊరే రసాయనాల్లో ఇదీ ఒకటి. రక్తనాళాల గోడల్లో ఈ రసాయనం కోసమే కాచుకున్నట్టుండే చోట్లుంటాయి. మందు అక్కడ అంటుకోగానే నాళం బిగుసుకుంటుంది, బీపీ లేస్తుంది. ఇలాంటి రసాయనాల కుటుంబానికి చెందిన మందులన్నీ ఒకే పని చేయవు. ఆయాసానికి అక్క పీల్చే సాల్బుటమాల్ కూడా ఈ కుటుంబానిదే, కానీ అది వేరే చోట అంటుకుని ఊపిరితిత్తుల గొట్టాలను వదులు చేస్తుంది. ఒకటి బిగిస్తుంది, ఒకటి వదులు చేస్తుంది. ఎవరికి ఏది, ఎక్కడ, ఎంత అన్నదే వైద్యమని డాక్టరు అన్నాడు.

బిగించే మందు నాళంలో ఉన్నంత వరకే మేలు. సూది పక్కకు జరిగి మందు కండలోకి కారితే, అక్కడి సన్నటి నాళాలను కూడా అలాగే బిగిస్తుంది. రక్తం అందక ఆ చోటు చచ్చిపోతుంది. మెడలోని పెద్ద నాళంలో గొట్టం వేసి ఎక్కిస్తే ఈ భయం తక్కువ. అది వేసేదాకా ఆగే సమయం లేక చేతికే మొదలుపెట్టారు. అందుకే నర్సు వచ్చినప్పుడల్లా మూడు చోట్ల చూసేది. తెర మీది అంకెను, మంచం కింది సంచిలో మూత్రాన్ని, సూది ఉన్న చోటును. మాతో కూడా చెప్పింది, చెయ్యి మీద దుప్పటి కప్పొద్దని, ఉబ్బితే పిలవమని. ఆమెది గోనెగండ్ల. మాట మెత్తగా ఉన్నా మళ్లీ మళ్లీ చెప్పే అలవాటున్న మనిషి.

అక్క దుప్పటి కప్పలేదు. ఆ మాట తప్పలేదు.

పత్తి వ్యాపారుల ఇళ్లలో ఒక అలవాటుంది. సీజన్ మొదట్లో యార్డులో ముహూర్తం చూసి కొన్న తొలి సరుకులోంచి పిడికెడు తెచ్చి, ఆడవాళ్లు గింజ తీసి దేవుడి గదిలో పెట్టుకుంటారు. ఏడాదంతా దీపాలకు వత్తులు దాంతోనే. ఇంట్లో ఎవరికైనా జ్వరంలో కాళ్లూ చేతులూ చల్లబడితే ఆ దూదినే చుడతారు. వెచ్చదనానికి వెచ్చదనం, దేవుడి దగ్గరిది కాబట్టి ధైర్యం. మా అక్క ఇద్దరు పిల్లలనూ పుట్టగానే ఆ దూదిలోనే పెట్టి పెంచింది. ఆదోనిలో కారెక్కేటప్పుడు ఆమె సంచిలో వేసుకున్న మొదటి వస్తువు అదే.

బావ వేళ్లు చల్లబడటం ఆమె చూసింది. మందు నాళాలను బిగిస్తే చేతులు చల్లబడతాయని ఆమెకెలా తెలుస్తుంది? ఆ సమయంలో నర్సు పక్క గదిలో ఇంకో రోగి దగ్గర ఉంది. అక్క మణికట్టు చుట్టూ, సూదికి పైనా కిందా, పసిపిల్లకు చుట్టినంత జాగ్రత్తగా చుట్టింది. ఆస్పత్రిలో వాడేది కూడా దూదే కదా, దీనితో చెడు ఏముంటుందని అనుకుంది. ఉబ్బు మొదలైంది ఆ దూది కిందే. బావకు నొప్పి చెప్పే తెలివి లేదు.

దూది ఊడదీశాక నర్సు సూదిని పీకలేదు. అక్క మాత్రం ఆ తెల్లటి చర్మం చూసి, "పీకేయమ్మా దాన్ని. ఆ సెయ్యి సచ్చిపోతాది" అంది.

"ఇప్పుడు ఆపితే మనిషికే ముప్పు అమ్మా. కొంచెమన్నా ఒంట్లోకి పోతాండాది. ఆ పక్క సూది పడనీ, పడిన గడియలోనే దీన్ని ఆపుతా" అంది నర్సు.

ఎడమ చేతికి పట్టీ బిగించింది. బీపీ పడిపోయిన మనిషికి నాళాలు పైకి కనిపించవు. మోచేతి దగ్గర ఒకసారి గుచ్చింది, రక్తం రాలేదు. అంకె ఇంకా దిగింది. డాక్టరు వచ్చి కుడి చేతిని చూసి ఎడమ చేతిని దీపం కిందికి తిప్పి పట్టుకున్నాడు. ఆమె కళ్లు మూసుకుని వేలితో వెతికింది. మళ్లీ గుచ్చింది. సూది వెనక గొట్టంలో ఎర్రటి చుక్క కనిపించగానే డాక్టరు కొత్త గొట్టం అందించాడు. మందు ఎడమ చేతికి మారింది. కుడివైపు ఆగింది. అక్క అప్పటి దాకా బిగబట్టిన ఊపిరి ఆయాసంగా బయటకొచ్చింది. సంచిలోంచి ఇన్‌హేలర్ తీసుకుని పీల్చింది.

అంకె నెమ్మదిగా లేచింది.

తర్వాత వాళ్లు ఆ పాత సూదిలోంచే సిరంజితో లాగగలిగినంత మందును వెనక్కి లాగారు. ఆ బిగుతుకు విరుగుడుగా పుస్తకాల్లో రాసే మందు తమ దగ్గర లేదని, ఈ చుట్టుపక్కల ఎక్కడా దొరకదని డాక్టరు చెప్పాడు. దాని బదులు ఆయాసం రోగుల కోసం ఉంచిన టెర్బుటాలిన్ తెప్పించి, సెలైన్‌లో కలిపి, ఉబ్బు అంచు వెంబడి చర్మం కింద కొంచెం కొంచెంగా గుచ్చాడు. అదీ ఆ కుటుంబంలోని వదులు చేసే మందే. తెలుపు మధ్యలో ఒకచోట గులాబీ రంగు వచ్చింది. బొటనవేలి వైపు రాలేదు. చేతిని దిండు మీద ఎత్తి పెట్టి, నర్సు ఈసారి అక్కకే, దాన్ని చూస్తూ కూర్చోమని, ఏమీ కప్పొద్దని, రంగు మారితే పిలవమని చెప్పింది. అక్క ఆ దిండు పక్కనుంచి లేవలేదు. మధ్యాహ్నం మెడలో గొట్టం వేసి, అంబులెన్స్‌లో కర్నూలు పంపారు. గోనెగండ్ల దాటేటప్పుడు కూడా అక్క కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి.

బావ బతికాడు. మణికట్టు మీద నల్లబడిన చర్మం రాలిపోయి, కొత్త చర్మం ముడతగా పట్టింది. అసలు ఏం జరిగిందో ఆయనకు చెప్పింది అక్కే, కర్నూలులో ఇంకా మంచం మీద ఉండగానే.

"ఏ పత్తి సుట్టినావు?" అన్నాడు.

"ముహూర్తంది."

"అట్లనా. తక్కువ రకం సుట్టినావేమో అనుకుంటి."

అక్క నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

ఈ సీజన్‌లో యార్డులో కొనుగోళ్లు మొదలైన రోజు నేనూ వెంట వెళ్లాను. బావ కుప్ప ముందు నిలబడి, పింజ లాగి, కుచ్చును కుడి బొటనవేలి కింద పెట్టి రుద్దాడు. మళ్లీ రుద్దాడు. రైతు ఆ వేలి వంకే చూస్తున్నాడు. బావ కుచ్చును ఎడమ చేతికి మార్చి, అక్కడ రుద్ది, ధర చెప్పాడు. రైతు ఒప్పుకున్నాడు. దారిలో బావ నన్ను అడిగాడు, ఎడమది చెప్పింది నిజమో కాదో మిల్లులో తెలిసేకి ఎన్ని దినాలు పడతాదప్పా అని.

కుడి బొటనవేలికి స్పర్శ తెచ్చే నరం దెబ్బతిందని, అది తేరుకోవడానికి సమయం పట్టొచ్చని, తేరుకోకపోనూ వచ్చని కర్నూలు డాక్టరు అన్నాడు. ఇంతవరకు ఆ బొటనవేలి కొసకు దూది తగిలినట్టు తెలియడం లేదు.