అమర్ రహే అనిపించుకున్న ఇంగ్లీషు కవి

మొన్న పోర్ట్ బ్లెయిర్‌లో గరాచర్మ వైపు వెళ్లే బస్సులో పక్కసీటు పిల్ల ఇంగ్లీషు పాఠం పైకి చదువుకుంటోంది. ఎన్నో వందల ఏళ్ల కిందటి ఒక ఇంగ్లీషు కవి, నాటకకర్త జీవితం. చెప్పులు కుట్టేవాడి కొడుకన్న వాక్యం చెవిన పడగానే నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఆ కవి నాకు మేనత్త తరఫు బంధువు.

మా అత్త శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, పోర్ట్ బ్లెయిర్ స్కూల్లో ఇంగ్లీషు టీచరైంది. దొరలు ఖాళీ చేసిన బంగళాల్లో మన ఆఫీసర్లు అప్పుడప్పుడే మంచాలు వేసుకుంటున్న రోజులు. ఆ ఏడు వార్షికోత్సవానికి ఆమె ఆ కవి నాటకంలోంచి ఒక రంగాన్ని తెలుగు చేసింది. చదువు మీద ఆశతో దెయ్యానికి ఆత్మను అమ్ముకున్న పండితుడి కథ అది. దెయ్యం వేషం నాది. కవి తన ఊరి జనం మాటల్లోనే రాశాడు కాబట్టి మన దెయ్యం కూడా హిందీ కలిసిన మన బజారు మాటే మాట్లాడాలని అత్త పట్టు. అందుకని నేను పండితుడి భుజం తట్టి, "క్యా భయ్యా, సంతకం పెడతావా, ఇంకో గిరాకీ చూసుకోనా?" అనేదాన్ని.

వేదిక మీద పెట్టడానికి డ్రాయింగ్ మాస్టారు కవి బొమ్మ గీశారు. బొమ్మన్నాక దండ ఉండాలి కదా అని ఎవరో మందారాల దండ వేశారు. మా స్కూల్లో దండ పడిన బొమ్మలన్నీ దేశ నాయకులవే. తెర లేవకముందే, అలవాటు కొద్దీ, పిల్లలంతా గొంతెత్తారు: "అమర్ రహే! అమర్ రహే!"

హెడ్మాస్టరుగారు లేచి నిలబడ్డారు. ఆయన తాతను గొలుసులు వేసి ఈ దీవికి తెచ్చింది ఇంగ్లీషువాళ్లే. ఆ కోపం ఉత్తిది కాదు.

"ఏటమ్మా ఇది? ఈ ఊళ్లో తెల్లోడికి జై కొట్టిస్తావా?"

"గొలుసులేసినోళ్లు వేరు సార్. ఈయన చెప్పులు కుట్టినాయన కొడుకు. రాసిన రాతలకి ఆ దేశపు దొరలే ఈయన్ని పట్టుకురమ్మని మనుషుల్ని పంపారు. ముప్పై నిండకుండానే కత్తిపోటుకు పోయాడు."

"నాటకం ఆపు. లేదంటే రేపే డిగ్లీపూర్ ఓడెక్కుతావు."

"ఎక్కుతాను సార్. అక్కడా పిల్లలున్నారు." అత్త మా వైపు తిరిగింది. "తెర లాగండే."

లాగాం. ఆయన వెళ్లిపోయారు. జనం కదల్లేదు. పండితుడు సంతకం పెట్టేదాకా కూర్చున్నారు, దెయ్యానికి ఈలలు కూడా వేశారు.

బదిలీ మాత్రం నిజంగానే వచ్చింది, ఉత్తరాన దీవుల చివరున్న డిగ్లీపూర్‌కి. క్షమాపణ రాసిస్తే ఆగుతుందని ఇంటికొచ్చి చెప్పినవాళ్లకు అత్త టీ ఇచ్చి పంపింది. జెట్టీ దగ్గర ఆమె ట్రంకు పెట్టె పట్టుకుని, మళ్లీ ఎప్పుడొస్తావని ఏడుస్తూ అడిగాను.

"వాళ్లు రానిచ్చినప్పుడు. ఈలోగా మీరు పెద్దవాళ్లయిపోండి," అంది.

వాళ్లు రానిచ్చేసరికి నిజంగానే అయిపోయాం. ఆమె చెప్పిన పనుల్లో ఏ కష్టమూ లేకుండా, మాకు తెలియకుండానే పూర్తయిపోయింది అదొక్కటే.