లారీ పట్టని సందు

సుబ్బరామికి కాలు నిలవదు. సండూరు కొండల నుంచి ఇనుపరాయి లారీ తోలుతూ సగం బతుకు గడిపిన మనిషి, కూర్చున్నా కదులుతూనే కూర్చుంటాడు. ఇప్పుడు చూపు మందగించింది, స్టీరింగు ముట్టొద్దన్నాడు డాక్టరు. కొడుకు విక్రమ్‌కు కుడతిని కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. లారీ అమ్మేద్దామన్నాడు.

“అమ్ముకో” అన్నాడే గానీ సుబ్బరామి ఒక మెలిక పెట్టాడు. బండి చేతులు మారేముందు క్యాబిన్‌లోని దేవుడి పటం దించాలి. ఎవరు తగిలించారో వాళ్లే దించాలన్నది వాళ్లింటి ఆచారం. “తగిలిచ్చింది నేను. నేనొచ్చి తీసినాకే బండి కదలల్ల” అన్నాడు. తీరా కొనేవాళ్లు రేపొస్తారనగా, తుంగభద్ర గట్టునున్న దొరలగట్టు అనే ఊరికి ఉడాయించాడు. అక్కడ కూతురు మేఘన టీచరు. తాను వెళ్లకపోతే పటం దిగదు, పటం దిగకపోతే బండి పోదు. పెద్దమనిషి పన్నాగం అదీ.

పన్నాగం పన్నినవాడికి నెమ్మది మాత్రం లేదు. పొద్దున్నే ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతుంటే మేఘనకు విసుగొచ్చింది.

“ఏంది నాయనా, కాలుగాలిన పిల్లి మాదిరి! ఆ తిరిగేదేదో పాత ఊర్లో తిరుగు పో” అని ఫోన్‌లో మ్యాపు తెరిచి ఇచ్చింది. తెల్లదొరల నాటి బంగళా, పత్తి గోదాము, గోరీలు, చివర పడవల రేవు. బాణం ఎటు చూపితే అటు నడవడమే.

నడిచాడు. బంగళా ముందు అందరూ స్తంభాలు చూస్తారు, ఈయన గేటు వెడల్పు చూశాడు. లారీ పడుతుంది. గోదాము ముందు ఖాళీ జాగా ఉంది, రివర్సు తీయొచ్చు. గోరీల దగ్గర పట్టుమని నిమిషం నిలవలేదు. అక్కడ బాణం ఒక సందు చూపింది. కాళ్లు మాత్రం పెద్దరోడ్డు పట్టాయి. మార్కెట్టు చుట్టి, బస్టాండు చుట్టి, మళ్లీ గోరీల దగ్గరే తేలాడు. రెండోసారీ అంతే. మ్యాపును తిట్టుకుంటూ సందులోకి తేరిపార చూస్తే అప్పుడు వెలిగింది. సందు ఇరుకు. లారీ పట్టదు. లేని లారీ కోసం ఊరంతా చుట్టి వస్తున్నాడు!

ఫోను మోగింది. విక్రమ్. ఎత్తకుండా సందులోకి దిగాడు.

సందు చివర రేవు, రాతిమెట్లు. పడవ ఒక్కటీ లేదు. వాటిని కట్టే ఇనుప కడియానికి ఒక ముసలామె మేకను కట్టేస్తోంది.

“పడవలు ఏమైనాయమ్మా?”

“బ్రిడ్జి వచ్చినాక పడవలెందుకప్పా? కడియం గట్టిగుండాది. సుమ్మనే పడుండేదెందుకని మేకను కట్టుకుంటాండా.”

ఈమెకు చీమ కుట్టినట్టయినా లేదే అని సుబ్బరామికి ఒళ్లు మండింది. మెట్టు మీద కూర్చోబోయి లేచాడు. మళ్లీ ఫోను. ఈసారి ఎత్తాడు.

“యాడుండావు నాయనా? వాళ్లు పొద్దున్నుంచి కాచుకోనుండారు. ఈ పొద్దు కాకుంటే వేరే బండి చూసుకుంటామంటాండారు.” రాత్రి షిఫ్టు దిగి నిద్రలేకుండా వచ్చిన గొంతు. కోపం కూడా లేదు దాంట్లో. అదే తండ్రికి గుచ్చుకుంది.

“పటం నువ్వే తియ్యప్పా.”

“నువ్వు తగిలిచ్చింది నేనెట్ల తీసేది? నువ్వే కదా అంటివి!”

“అబద్ధం చెప్పినా. బండి కొన్న పొద్దు నిన్ను భుజం మింద ఎక్కించుకోని, నీ చేత్తోనే తగిలిచ్చినా. అప్పటికి నీకు సరిగ్గా నడక గుడా రాదు. నీకెట్ల గుర్తుంటాది?”

అవతల క్యాబిన్ తలుపు కిర్రుమంది. ఆ చప్పుడు సుబ్బరామికి నిద్రలో వినిపించినా తెలుస్తుంది. ఆయన మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు.

“ఇప్పుడు చేతికి అందుతాండాది నాయనా” అన్నాడు కొడుకు.