సాతంరాయిలో నా పుస్తకం చదివిన రోజు

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు మెహదీపట్నంలో బయలుదేరాను. విమానాశ్రయానికి పోయే ఏసీ బస్సు మా ఊరు సాతంరాయిలో ఆగదు, పొరపాటున ఎక్కకండి. ఆరాంఘర్‌లో దిగి శంషాబాద్ బస్సు పట్టుకోవాలి. పుస్తకాలు కుక్కిన నా సూట్‌కేసు చూసి పక్క సీటామె, "ఏ దేశం పోతున్నవక్కా?" అంది. "సాతంరాయి," అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వాం.

నవ్వాను గానీ నేను పోతున్నది చుట్టపుచూపుకు కాదు. పందొమ్మిదో ఏట మా ఊళ్లోనే నా మీద అత్యాచారం జరిగింది. దాన్నీ, దాన్ని దాటుకుని బతికిన ఏళ్లనూ పుస్తకంగా రాశాను. చదివి వినిపించమని ఊరి మహిళా సంఘం పిలిచింది. అమ్మ మాత్రం ఫోన్‌లో, "రాసినవ్, మంచిదే. మన ఊర్ల చదువకు బిడ్డా. నేనైతే రాను," అంది. ఎవరెంత మెచ్చుకున్నా అమ్మ వినకపోతే ఆ పుస్తకం నాకు పూర్తయినట్టు కాదు.

పదింటికల్లా దిగాను. హైవే పక్క హోటల్లో ఇడ్లీ వేడిగా ఉంది, సగమే తినగలిగాను. నెత్తి మీదుగా విమానం దిగుతున్నా ఇక్కడ ఎవరూ తలెత్తి చూడరు.

సంఘం గదిలో ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. అమ్మ లేదు. నా సైకిలు, కాలేజీ, అమ్మతో నా పోట్లాటలు, ఇవే మొదటి అధ్యాయాలు. అసలు ఘటనతోనే మొదలుపెట్టమని సంపాదకుడు పట్టుబట్టాడు, "పాఠకుణ్ణి పట్టుకోవాలి కదండీ," అని. నేను ఒప్పుకోలేదు. చదివేవాళ్లు ముందు నన్ను చూడాలి, తర్వాతే నాకు జరిగింది.

సైకిలు అధ్యాయానికి అందరూ నవ్వుతుండగా అమ్మ వచ్చి గడప పక్కన కూర్చుంది. నా వైపు చూడలేదు. అత్యాచారం గురించి రాసిన రెండు పేజీలు వచ్చేసరికి చదవడం ఆపేశాను. ఇక పుస్తకం మూసేద్దామనుకున్నాను.

"ఊఁ," అంది అమ్మ.

చిన్నప్పుడు అమ్మ కథ చెబుతుంటే నేను ఊకొట్టాలి, లేకపోతే కథ ఆపేసేది. ఇప్పుడు తనే ఊకొడుతోంది. ఒక వాక్యం చదివాను. మళ్లీ "ఊఁ." పక్కామె కూడా అందుకుంది. చివరికి గదంతా ఊకొడుతుంటే ఆ రెండు పేజీలూ ఎక్కడా ఆగకుండా చదివేశాను.

సంఘం లీడర్ యాదమ్మ, "గంత జరిగితే రెండు పేజీలేనా?" అంది.

"వాడికి అంతకంటే చోటియ్యలేదక్కా. మిగతాదంతా నాదే."

చప్పట్లు రోడ్డు దాకా వినపడి ఉంటాయి. తర్వాత అందరం కోడికూర, పచ్చిపులుసుతో అన్నం తిన్నాం. పొద్దున తినలేనిదంతా కలిపి తిన్నాను.

మూడింటికి తిరుగు ప్రయాణం. వద్దన్నా వినకుండా అమ్మ కూడా ఆరాంఘర్ దాకా షేర్ ఆటో ఎక్కింది. నా ఒంట్లో ఇంత తేలిక ఎన్నడూ ఎరగను. ఎన్నో ఊళ్లు తిరిగాను గానీ గెలిచి వెనక్కి వచ్చిన ప్రయాణం ఇదొక్కటే. ఎయిర్‌పోర్టులో డ్యూటీ దిగి వస్తున్న ఎదుటి సీటామె, అమ్మ ఒళ్లో పెట్టుకున్న నా పుస్తకం చూసి, "ఏం బుక్కక్కా గది?" అంది.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"నా బిడ్డ రాసింది. దానికైన అన్యాలం, అది కొట్లాడి నిలబడ్డది, అంత ఉన్నది దీంట్ల. నీకు సదువు రాకుంటే మా ఇంటికి రా, కూసోబెట్టి ఇనిపిస్త. సాతంరాయిల ఎవ్వరినడిగినా మా ఇల్లు చూపిస్తరు."