నోరు తెరిచిన ప

ఈ రోజు పొద్దున పెట్ట కింద చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీసి చెవికి ఆనించుకున్నాను. లోపల్నుంచి 'టక్' అంది. కాసేపాగి మళ్లీ 'టక్'. చిటికెన వేలి గోరుతో తలుపు తట్టినంత చప్పుడు. పెంకు వెచ్చగా ఉంది, దాని మీద నేను పెన్సిలుతో రాసిన 'ప' అక్షరం కొంచెం చెరిగి ఉంది. ఎన్నిసార్లు విన్నా ఆ చప్పుడుకు నా ఒళ్లు జలదరిస్తుంది. వెంటనే కొమురయ్య పెద్దబాపు గుర్తొస్తాడు. ఆయన మా బాపుకు తోడబుట్టినవాడు కాదు, చుట్టం కూడా కాదు. ఇద్దరూ బొగ్గుబాయి పని కోసం తెలంగాణ నుంచి మహారాష్ట్రలోని చంద్రపూర్ వచ్చి ఒకే కాలనీలో కాపురం పెట్టారు. ఆ వరసతోనే పెద్దబాపు.

గనిలో ఆయన బొగ్గు తవ్వలేదు. దీపాల గదిలో పని. కిందికి దిగేవాళ్లు నెత్తికి పెట్టుకునే దీపాలను చూసి ఇవ్వడం, వాళ్లు పైకొచ్చాక తిరిగి తీసుకోవడం. ఒక్క దీపం వెనక్కి రాకపోయినా, డ్యూటీ అయిపోయినా సరే, గుమ్మం దగ్గరే నిలబడి ఉండేవాడని బాపు చెప్పేవాడు. రిటైరయ్యాక ఆయన కోళ్లలో పడ్డాడు. మామూలు కోళ్లు కావవి. బొగ్గంత నలుపు, కాలివేళ్ల దాకా ఈకలు, రెండు అరచేతులు కలిపితే అందులో కూర్చునేంత ఒళ్లు. తెలిసినవాళ్లు బ్యాంటమ్ కోళ్లంటారు. ఆయన మాత్రం దోసిలికోళ్లు అనేవాడు. పుంజు నడక చూస్తే కాలనీ అంతా దాని పేరు మీదే ఉందేమో అనిపించేది. చుట్టుపక్కల ఎక్కడా అలాంటి జాతి నాకు కనిపించలేదు. ఆయన గోడ పక్కనుంచి పోతూ పోతూ ఆగి, ఆఫీసుకు ఆలస్యమైన రోజులు నాకు చాలానే ఉన్నాయి.

నాకప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి. ప్రభుత్వ కచేరీలో గుమాస్తాను. రోజంతా మరాఠీలోనే రాత. నా దస్తూరి చూసి పైవాళ్లు మెచ్చుకునేవారు, ఆ మెప్పుకు నేను బాగానే ఉబ్బిపోయేదాన్ని. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని ఒక్క అక్షరం చదవడం రాదు. అమ్మకూ రాదు. మా బళ్లో తెలుగు లేదు కదా అని సర్దిచెప్పుకునేదాన్ని గాని, ఆ సంగతి నలుగురిలో ఒప్పుకోవాలంటే నామోషీ. ఒక ఆదివారం ధైర్యం చేసి ఆయన దగ్గరికి వెళ్లాను. "పెద్దబాపూ, మా పెట్ట పొదుగుకొచ్చింది. నీ గుడ్లు ఎంతకిస్తవ్?" అని అడిగాను.

ఆయన ముఖం ముడుచుకుంది. "తినేటందుకైతే అమ్ముత బిడ్డా. పొదగేసేటందుకైతే అమ్మ, ఊకెనే ఇస్త. కానీ ఒక్క షరతు. నీ తాన పిల్లలైనంక ఎవలన్న వచ్చి పొదుగు గుడ్లడిగితే లేదనొద్దు. నావి పోతే నేనే వచ్చి అడుగుత. గంతే." ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి నాటుపెట్ట కింద చెయ్యి పెట్టి చూశాడు, అది పొడిచినా తియ్యలేదు. మంచి తల్లే అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "నేను గుడ్ల మీద తెలుగుల రాస్త. నీకు సదువొస్తదా?" అన్నాడు. "రాకుండ ఎట్ల పెద్దబాపూ?" అన్నాను, రెప్ప కూడా వేయకుండా.

నాలుగు రోజులు తిరగకుండానే ఆయన కోళ్ల గూట్లో జంగపిల్లి దూరింది. పెట్ట అన్నది ఒక్కటి కూడా మిగలలేదు. చెట్టెక్కిన పుంజు మాత్రం బతికింది. పొద్దున్నే ఆయన తవుడు నింపిన రేకుడబ్బా పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇగ గివే బిడ్డా. పది గుడ్లున్నయి. వారంలోపటియి ఐదు, పాతయి ఐదు. ఏవి పొదగెయ్యాల్నో ఏవి వండుకోవాల్నో రాసిన, సూసుకో. నాకు ఇయ్యాల కంటి ఆపరేషన్ ఉంది, దవాఖానల పడుకోవాలె" అన్నాడు. ఆటో హారన్ కొడుతోంది. నేను డబ్బా అందుకుని తలూపాను.

డబ్బా మూత తీస్తే ఐదింటి మీద ఒక అక్షరం, ఐదింటి మీద ఇంకో అక్షరం. రెండూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఒకదానికి ఎడమవైపు వంపు విడిగా ఉంది, ఇంకోదానికి మూసుకుని ఉంది, అంతే తేడా. ఫోన్ చేసి అడిగితే అయిపోయేది. చేతిలోకి తీసుకుని కూడా పక్కన పెట్టేశాను. రాకుండా ఎట్ల అని కోసిన కోత గొంతుకు అడ్డం పడింది. అంత చదువుకున్నదాన్ని, ఆ మాత్రం ఊహించలేనా అనుకున్నాను. గుండ్రంగా మూసుకున్న అక్షరం గుడ్డులా ఉంది కాబట్టి పొదగాల్సినవి అవే అని తేల్చేశాను. వాటిని పెట్ట కింద పెట్టాను. మిగతా ఐదింటినీ అమ్మ ఉడకబెట్టి పులుసు చేసింది. పెంకు ఒలుస్తుంటే ఆ అక్షరం నా వేలికి అంటుకుంది. కడిగేసుకున్నాను.

తొమ్మిదో రోజున ఆయన నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. చేతిలో పాత గని దీపం. పనికిరాదని పక్కన పడేస్తే అడిగి తెచ్చుకుని బాగు చేసుకున్నాడట. సామాన్ల గది కిటికీకి దుప్పటి కట్టి, పట్టపగలే చీకటి చేసి, లోపల పిల్ల కడుతోందో లేదో తెలిసేలా గుడ్డును దీపం మీద నిలబెట్టాడు. వంగొద్దని డాక్టరు చెప్పడంతో చూడమని నాకే పురమాయించాడు. "ఏం కనవడుతుంది?" "పసుపు వెలుగు." "నరాలు?" "లేవు." రెండోదీ అంతే. ఐదోదీ అంతే. ఆయన అద్దాలు తీసి గుడ్డును కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఇది వ గద బిడ్డా" అన్నాడు మెల్లగా. నాకు సంగతి అర్థమైంది. "నాకు తెలుగు చదువరాదు పెద్దబాపూ. అబద్ధం చెప్పిన. మంచియన్నీ మేం తిన్నం" అన్నాను. ఆయన దీపం ఆర్పలేదు. చాలాసేపు ఆ ఖాళీ గుడ్డు వంకే చూశాడు. తర్వాత, "పులుసు మంచిగైందా?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. మంచిగైంది అని నేను ఏడ్చేశాను.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన చెవి మీదున్న పెన్సిలు తీసి అదే గుడ్డు మీద పక్కపక్కనే రెండు అక్షరాలూ రాశాడు. "సూడు. నోరు తెరిస్తే ప. ప అంటే పిల్ల. నోరు మూస్తే వ. వ అంటే వంట. తెల్వదు అన్న మాటొక్కటి అంటే ఐపోవు. గది ఏ భాషల అన్నా నాకు సమజయ్యేది బిడ్డా." ఆ రెండు అక్షరాలూ నేను ఆ చీకటి గదిలో, ఆ దీపం వెలుగులో నేర్చుకున్నాను. ఆయన లేచి దుప్పటి విప్పుతూ, "ఇగ అడగవోదాం పా. మనం ఇచ్చినోళ్లు లేరా ఏంది?" అన్నాడు.

ముందు కోర్పనా దగ్గర ఒక పత్తి రైతు ఇంటికి వెళ్లాం. ఆయన దగ్గర కోళ్లున్నాయి గాని పెద్దవాటితో కలిసిపోయి కాళ్లూ ఒళ్లూ సాగిపోయాయి. పెద్దబాపు వాటిని చూసి, బాగున్నాయని మెచ్చుకునే బయటికొచ్చాడు. బస్టాండులో మాత్రం తువ్వాలతో నల్లద్దాలను మళ్లీ మళ్లీ తుడుచుకున్నాడు. ఆ జాతి నా చేతి మీదుగా పోయిందన్న బరువు నేను ఆయన ముఖం చూస్తూ మోయవలసి వచ్చింది. ఇక మిగిలింది జివతి గుట్టల మీద గంగవ్వ. ఎప్పుడో ఆమె చంద్రపూర్ దవాఖానకు వచ్చినప్పుడు ఆయన ఆరు గుడ్లిచ్చి పంపాడట. మళ్లీ కలిసింది లేదు. బతికున్నాయో లేవో కూడా తెలియదు.

ఆమె ఇంటి ముందు బస్సు దిగి నాలుగడుగులు వేశామో లేదో, జొన్నసొప్ప కుప్ప వెనక నుంచి నల్లటి ముద్దలు ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ వచ్చాయి. కాళ్లకు ఈకలు, అదే పొగరు నడక. పదో పదకొండో ఉంటాయి. నా చెయ్యి నోటి మీదికి పోయింది. పెద్దబాపు ఉన్నచోటే కూర్చుండిపోయాడు. గంగవ్వ బయటికొచ్చి, "అయ్యో కొమురన్నా, మీవి మీకు అప్పజెప్తందుకు ఇన్నేండ్లసంది సూస్తున్న" అంది, నిన్ననే మాట్లాడినంత మామూలుగా. లోపల్నుంచి గుడ్లు తెచ్చింది. ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో ప. నాకు ఆశ్చర్యం ఆగలేదు. "అవ్వా, నీకు చదువొస్తదా?" అని అడిగాను. ఆమె నవ్వింది. "నాకేడిది బిడ్డా? గిది అచ్చరమా? కోడిపిల్ల నోరనుకున్న. అన్న ఎట్ల గీసి ఇచ్చిండో గట్లనే గీస్తున్న." ఒక్క అక్షరం రాని ఆమె దాన్ని ఇన్నేళ్లు చెక్కుచెదరకుండా కాపాడింది. ఆఫీసులో దస్తూరికి పేరు తెచ్చుకున్న నేను ఒక్క పూటలో ఉడకబెట్టేశాను. ఆ గుమ్మంలో నాకు సిగ్గు కన్నా ఎక్కువగా ఆమెకు దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. ఆమె కంగారుపడి నా చేతులు పట్టుకుంది.

తిరుగు బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. పెద్దబాపు కూర్చోలేదు. డబ్బాను రెండు చేతుల్లో గాల్లో పట్టుకుని, మోకాళ్లు కొంచెం వంచి నిలబడ్డాడు. "కూసుంటే సీటు ఎగరేస్తది. నిలవడితే మోకాళ్లు కాసుకుంటయి" అన్నాడు. డెబ్భై దాటిన మనిషి, కన్ను ఇంకా పూర్తిగా మానలేదు. గుట్టల దారిలో గుంత వచ్చినప్పుడల్లా ఆయన ఒళ్లంతా కదిలేది, డబ్బా మాత్రం కదిలేది కాదు. నేను తీసుకుంటానంటే సగం దారిలో ఇచ్చాడు. చంద్రపూర్ వచ్చేసరికి నా మోకాళ్లు వణికిపోయాయి.

మరో పెట్టను వెతికి ఆ గుడ్లు పొదగేశాం. ఏడో రోజు మళ్లీ దుప్పటి, మళ్లీ దీపం. ఈసారి గుడ్డంతా ఎర్రగా వెలిగింది. సన్నటి నరాలు, మధ్యలో ఆవగింజంత చుక్క. ఆ చుక్క కొట్టుకుంటోంది. అంత చిన్న చోట అంత పట్టుదలగా ఒక ప్రాణం తన పని తాను చేసుకుపోతోంది. పెద్దబాపు కూడా ఎన్నడూ చూడనట్టే చూశాడు. "కిందికి దిగినోడు పైకొచ్చేదాంక దీపపోనికి నిమ్మళం ఉండదు బిడ్డా" అన్నాడు. తర్వాత రోజూ వచ్చి పెట్ట దగ్గర కూర్చునేవాడు. పిల్ల పెంకు పగలగొట్టుకుని తడితడిగా తల బయటపెట్టిన రోజున, ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకుని టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆయన పోయి రెండేళ్లయింది. దీపం నా దగ్గరే ఉంది. ఆ రెండు అక్షరాల తర్వాత మిగతావి ఒక్కొక్కటే ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇవాళ ఇది తెలుగులో రాయగలుగుతున్నానంటే అది కోడిగుడ్ల మీద చదువే. మొన్న జివతి నుంచి గంగవ్వ కోడలు వచ్చింది. వాళ్ల కోళ్లకు తెగులొచ్చి అన్నీ పోయాయట, అత్త పంపిందట. తవుడు డబ్బాలో గుడ్లు సర్దుతూ, పాతవి కూడా కూరకు పనికొస్తాయని నాలుగు వేశాను. "వీటి మీద తెలుగుల రాసిన. సదువొస్తదా నీకు?" అని అడిగాను. "రాకుండ ఎట్ల అక్కా?" అంది, రెప్ప కూడా వేయకుండా.

ఇక ఏమీ అడగలేదు. పాతవి నాలుగూ తీసి పక్కన పెట్టేశాను. ఒక గుడ్డు ఆమె చేతిలో పెట్టి, నాకే మరుపెక్కువ అన్నట్టుగా, "నోరు తెరిస్తే ప. ప అంటే పిల్ల" అన్నాను. ఆమె అక్షరం మీద వేలు పెట్టి ఒకసారి పైకి అనుకుంది. బస్టాండు దాకా వెళ్లి ఎక్కించాను. కూర్చుంటే సీటు ఎగరేస్తుందని మాత్రం చెప్పాను. బస్సు కదిలాక కిటికీల్లోంచి చూశాను. సీట్లు ఖాళీగా ఉన్నా, డబ్బా రెండు చేతుల్లో పట్టుకుని, మోకాళ్లు కొంచెం వంచి ఆమె నిలబడే ఉంది.